వెనక్కి తిరగని అమ్మ

పదకొండో వారం

నోరీన్ ప్రెంటిస్ అబద్ధం చెప్పి లోపలికి వచ్చింది. కిందటి వారం మనం ఆమెని వదిలిపెట్టింది అక్కడే, మాల్ రెండో అంతస్తులోని సినిమా హాలు గుమ్మం దగ్గర. తలకి ఆకుపచ్చ స్కార్ఫు, ముఖానికి సగం కప్పే కళ్ళద్దాలు. విడుదలకి ముందు సినిమాని మామూలు జనానికి ఊరికే చూపించి, వాళ్ళేమంటారో విని, దాన్ని బట్టి కత్తెర వేసుకోవడం సినిమావాళ్ళుండే ఈ వ్యాలీలో ఎప్పుడూ ఉన్నదే. ఆ ఆటకి సినిమావాళ్ళని రానివ్వరు. కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని నిలబడ్డ అమ్మాయి, "మీరు గానీ, మీ ఇంట్లోవాళ్ళు గానీ సినిమాల్లో పనిచేస్తారా అండీ?" అని అడిగితే, నోరీన్ తడుముకోకుండా, "లేదమ్మా, లైబ్రరీలో చేసి రిటైరయ్యాను" అంది.

"అమ్మయ్య, అరవై దాటిన ఆడవాళ్ళు ఒక్కరూ దొరకలేదు పొద్దుట్నుంచి. రండి, రండి" అంది ఆ అమ్మాయి.

ఆ సినిమా పేరు 'కోతల రాత్రి' రెండో భాగం, ముసుగు హంతకుడి కథ. అందులో కథానాయిక తల్లి నోరీనే.

ఇంత పాట్లు పడి ఎందుకు వచ్చిందంటే, బస్టాపు సీను కోసం. మేకప్ చేసే మార్జ్ ఫోన్ చేసి, "ఇవాళ జనం పెదవి విరిస్తే బస్టాపు ఎగిరిపోతుందట నోరీన్, నీకు చెప్పకుండా ఉండలేకపోయాను" అంది. రెండు నిమిషాల సీను. నోరీన్ నలభై ఏళ్ళ నటనలో ఇంతకంటే పెద్ద సీన్లు ఎన్నో పోయాయి. ఎన్నడూ ఇలా స్కార్ఫు కట్టుకుని బయల్దేరలేదు. కానీ ఈ సీనులో రోండా ఉంది.

ఏడేళ్ళ కిందట మొదటి భాగం తీసినప్పుడు, కూతురి వేషం కట్టిన రోండాకి పద్దెనిమిది. కన్నతల్లి అంతకుముందు ఏడాదే పోయింది. హోటలు ఖర్చెందుకని కంపెనీవాళ్ళు ఆ పిల్లని షూటింగు అయ్యేదాకా నోరీన్ ఇంట్లో పెట్టారు. పొద్దున్నే వంటింటి తొట్టి దగ్గర నిలబడే రొట్టె ముక్క తినేది, ముక్కలు రాలకుండా తొట్టిమీదికి వంగి. కుర్చీ ఉంది కదే అంటే, "కూర్చుంటే ఇక్కడే ఉండిపోతానేమో అని భయం" అనేది నవ్వుతూ. పగలంతా కెమెరా ముందు అమ్మా, అమ్మా అని పిలిచేది. రాత్రి ఇంటికొచ్చాక ఏమీ పిలిచేది కాదు. ఆఖరి రోజు కేకు కోశారు, అందరూ అందరినీ కావలించుకున్నారు, ఫోన్ చేస్తాం అనుకున్నారు. సినిమావాళ్ళ చుట్టరికాలు కేకు తెగేదాకానే. అది నోరీన్‌కి తెలుసు. తెలిసి కూడా, ఆ పిల్ల నిలబడే చోటని ఆ తొట్టి పక్కన మూడేళ్ళపాటు ఒక్క గిన్నె కూడా బోర్లించలేదు.

మొన్న మార్చిలో రెండో భాగం కోసం మళ్ళీ ఒక్కరోజు కలిశారు. కూతురు కాలేజీకి వెళ్ళిపోతోంది, తల్లి బస్సెక్కిస్తుంది. తల్లి కాలరు సర్దాలి, మైనం కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ చేతికివ్వాలి, నడిచి వెళ్ళిపోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి. రాసింది అంతే. కానీ రోండా బస్సు మెట్టుమీద నిలబడి, ఎవరూ రాయని మాట ఒకటి అంది. "అమ్మా, ఈసారైనా ఫోన్ చెయ్యి."

నోరీన్ వెనక్కి తిరగలేదు. దర్శకుడు కట్ చెప్పి, "అద్భుతం, ఇదే ఉంచేద్దాం" అన్నాడు. మేకప్ తుడుచుకుని బయటికి వచ్చేసరికి రోండా వ్యాను వెళ్ళిపోయింది. ఆ రాత్రే నోరీన్ ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు వాడకంలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. మర్నాడూ అదే గొంతు, ఆ పైవారమూ అదే గొంతు. ఇక రోండా ఆ మాట అన్నదనడానికి లోకంలో మిగిలింది ఆ రెండు నిమిషాల రీలే.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. జనం లేచి చేతులు విరుచుకున్నారు. ఇందాకే తెరమీద గోడంత ముఖంతో కనిపించిన మనిషి మూడో వరస చివర కూర్చుని ఉంది. పక్క సీటు కుర్రాడు ఆమె మోకాళ్ళు దాటుకుంటూ, "కొంచెం జరుగుతారా అండీ" అన్నాడే తప్ప ముఖంకేసి చూడలేదు. ఇలాంటి సినిమాల్లో తల్లి ముఖం ఎవరికి గుర్తుంటుంది?

ఆమె కూడా లేవబోయింది. అంతలో అట్ట అమ్మాయి పరుగున వచ్చి భుజంమీద చెయ్యి వేసింది. "మీరుండాలండీ. కొంతమందిని ముందు వరసల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. పెద్దవయసువాళ్ళు ఒకరు తప్పకుండా ఉండాలట. పావుగంటే."

"నేనేం మాట్లాడతానమ్మా..."

"నచ్చిందో లేదో చెప్పండి, చాలు."

అలా నోరీన్ ముందు వరసలో, ఇరవైమంది పిల్లల మధ్య కూర్చుంది. పిల్లలంటే చాలామంది పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు. చూయింగ్ గమ్ వాసన. ఎదురుగా ఎత్తుకుర్చీలో డయాన్ అనే ఆవిడ. మాటలు రాబట్టడం ఆవిడ ఉద్యోగం. బాగా వెనక, చీకటిగా ఉన్న వరసలో ముగ్గురు నలుగురు కూర్చున్నారు.

"వెనకున్నవాళ్ళు ఎవరని అడగొద్దు. ఎవరూ లేరనుకోండి" అంది డయాన్. "ఇక్కడ తప్పు జవాబంటూ లేదు. తిట్టాలనుకుంటే తిట్టండి. ఈ సినిమా నేను తియ్యలేదు, నాకేం నొప్పి ఉండదు."

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు నోరీన్‌కి తెలుసు. దర్శకుడు క్రెయిగ్. ఆమె స్కార్ఫు ముందుకి లాక్కుంది.

మొదట నోరు విప్పింది టాడ్. ఫుట్‌బాల్ జట్టు కోటు వేసుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. "నాకు నచ్చింది. మొదటిదే మళ్ళీ చూసినట్టుంది."

"అది మంచిదా, చెడ్డదా?"

"ఊరికే చూపిస్తే మంచిది. టికెట్ కొన్నానంటే చెడ్డది."

అందరూ నవ్వారు. డయాన్ కూడా నవ్వి, పక్కనున్న అమ్మాయి వైపు తిరిగింది. కిమ్. జుట్టు నెత్తిమీదికి దువ్వి గులాబీరంగు క్లిప్పులు పెట్టుకుంది. ఆ పిల్ల మాట కోసమే కాచుకుని ఉంది.

"నేలమాళిగలోకి దిగితే చస్తారని మొదటి భాగంలో అంతమంది చచ్చి మరీ చూపించారు కదండీ! మళ్ళీ దిగుతుందేంటి ఈ పిల్ల?"

"దిగకపోతే ఇంక సినిమా ఎక్కడుందే?" అన్నాడు టాడ్.

"దిగనీ. లైటు వేసుకుని దిగొచ్చుగా? గోడమీద స్విచ్ నాకే కనిపిస్తోంది, దానికి కనబడదా?"

"కరెంటు పోయిందేమో."

"పక్క గదిలో టీవీ వస్తోందిరా మొద్దూ!"

వాళ్ళిలా వాదించుకుంటుంటే నోరీన్‌కి కాసేపు భయం తగ్గింది. పిల్లలు తెలివైనవాళ్ళే. హంతకుడు వ్యాయామం మాస్టరేనని మొదటి పది నిమిషాల్లోనే పట్టేశారట. "ఆయనొక్కడే అందరితో మంచిగా మాట్లాడతాడు, ఇంకెవరవుతారు?" అంది రెండో వరస పిల్ల. ముప్ఫై ఏళ్ళ గడ్డంవాడు ఒకడు, డ్వేన్ అట, మొదటి భాగం లెక్కలేనన్నిసార్లు చూశాడట, లేచి నిలబడి మరీ చెప్పాడు: "గోనెసంచి ముసుగుకి అప్పుడు కుట్లు ఎడమవైపున్నాయి. ఇందులో కుడివైపున్నాయి. మాలాంటివాళ్ళం చూడమనుకున్నారా?"

"కూర్చో అన్నా, కూర్చో. సంచి తిరగేసి తొడుక్కున్నాడులే" అన్నాడు టాడ్.

"ఇంక ఆ ఫోను సీను!" అంది కిమ్. "ఫోన్ మోగుద్ది. తీస్తది. అటువైపు ఉత్త ఊపిరి. హలో, హలో, ఎవరూ, ఎవరూ... ఎంతసేపు! పెట్టెయ్యదేంటండీ? మా నాన్నయితే రెండో హలో కూడా అనడు, టపీమని పెట్టేస్తాడు. ఊపిరి వింటూ నిలబడే మనిషి ఎక్కడైనా ఉంటాడా?"

"ఎవరూ ఫోన్ చెయ్యనివాళ్ళు నిలబడతారేమో" అని నోరీన్ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

డయాన్ చేతిలో కాగితం తిప్పింది. "సరే. ఇప్పుడు బస్టాపు దగ్గర అమ్మా కూతుళ్ళ సీను."

నోరీన్ సంచి పిడి గట్టిగా పట్టుకుంది.

"ఏ బస్టాపు?" అన్నాడు టాడ్.

"అదేరా, నువ్వు పాప్‌కార్న్‌కి వెళ్ళావు చూడు, అప్పుడు."

"నేనొక్కణ్ణే కాదు, అక్కడ పెద్ద లైనుంది. అందరూ అప్పుడే వచ్చారు."

కిమ్ పెదవి విరిచింది. "ఆవిడ కాలరు సర్దగానే నేననుకున్నా, అయిపోయింది, ఈ పిల్ల చస్తుంది అని. ఇలాంటి సినిమాల్లో ఎవర్నైనా ముద్దు పెట్టుకుని పంపించారంటే పాడె కట్టినట్టే. తీరా చూస్తే చావలేదు. మరి ఎందుకు పెట్టినట్టు?"

"నాకు నిద్రొచ్చింది" అందొక పిల్ల, పాపం, కొంచెం సిగ్గుపడుతూనే.

"ఆ సీను తీసేశామనుకోండి. లోటుగా అనిపిస్తుందనేవాళ్ళు చేతులెత్తండి" అంది డయాన్.

ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక చీకట్లో ఎవరో కాగితం మీద గీత కొట్టిన చప్పుడు, నిజంగా వినబడిందో, ఆమె అనుకుందో. ఆ గీతతో రోండా బస్సు మెట్టు దిగిపోయింది, ఆ మాట చెరిగిపోయింది, ఏడేళ్ళ కిందటి కేకు మళ్ళీ తెగింది. నోరీన్ ఎత్తుదామని ఎత్తలేదు. చెయ్యి దానంతటదే లేచింది.

"ఆకుపచ్చ స్కార్ఫు మేడమ్. చెప్పండి."

గొంతు మార్చి మాట్లాడాలనుకుంది గానీ, నలభై ఏళ్ళు అదే పని చేసిన మనిషికి ఆ క్షణాన చేతకాలేదు. "ఈ సినిమా అంతా ఆ పిల్లని ఎవరో ఒకరు దాక్కుని చూస్తుంటారు కదమ్మా. కిటికీలోంచి, చెట్టు చాటునుంచి. ఎదురుగా నిలబడి చూసే మనిషి ఆ ఒక్కచోటే ఉంది. అది కూడా తీసేస్తే ఆ పిల్లకి ఎవరున్నారు? తర్వాత అది కేకలు పెట్టినా ఎవరికోసం పెడుతున్నట్టు?"

చూయింగ్ గమ్ నమలడం ఆగింది. కిమ్ మొదటిసారి ఆమెకేసి తిరిగి చూసింది. టాడ్ కాళ్ళు వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. మంచి పిల్లాడే, వినేరకం.

"బానే ఉందండీ మీరన్నది" అన్నాడు. "మరి అంత ప్రేమున్న ఆవిడ వెనక్కి తిరిగి చూడదేంటి? మా అమ్మయితే బస్సు వెనకాల పరుగెత్తి, అద్దం మీద కొట్టి, లోపలిబట్టలు సర్దుకున్నావా అని అరిచి నా పరువు తీస్తది. ఈవిడ చక్కా పోతుంది. కూతురు పిలుస్తున్నా సరే."

నవ్వులు. నోరీన్ కూడా నవ్వబోయింది. ఇన్ని నెలలుగా ఎవరైనా అడుగుతారేమోనని దాచుకున్న జవాబు అది. అడిగినవాడు ఎవరైతేనేం? "తిరిగితే ముఖం కనిపిస్తుంది కదా బాబూ. ఆ ముఖం పిల్లకి చూపించకూడదని."

టాడ్ చెంప గోక్కున్నాడు. "ఏ ముఖం?" అన్నాడు నెమ్మదిగా. ఎవరినీ కాదు, తనని తనే అడుగుతున్నట్టు. "ముఖం చూపించకూడదు... అసలు ముఖం..." ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు. "ఒరేయ్! ఆవిడేరా! అమ్మేరా చంపింది!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత అందరికీ ఒక్కసారే అర్థమైంది.

"అమ్మో!" కిమ్ రెండు చేతులూ చెంపలకి పెట్టుకుంది. "కాలరు సర్దింది! కాలరు కాదే, మెడ కొలత చూసుకుంది!"

"ఆ శాండ్‌విచ్‌లో ఏం కలిపిందో!"

డ్వేన్ మళ్ళీ లేచాడు. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. "కుట్లు! నేను చెప్పలేదూ? ముసుగు వేరేవాళ్ళు కుట్టారు! మాస్టరుకి సూదిపని వచ్చా? ఆడమనిషి కుట్టింది!"

"ఆగండి, ఆగండి." రెండో వరసలో ఇందాక నిద్రొచ్చిందన్న పిల్ల ఇప్పుడు కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడి ఉంది. "మెట్టుమీదనుంచి కూతురు ఏమంటుంది? 'అమ్మా, ఈసారైనా ఫోన్ చెయ్యి.' చేస్తుంది! ఫోన్‌లో ఆ ఊపిరి... అమ్మదే!"

హాలంతా గోలెత్తిపోయింది. కొందరు చప్పట్లు కొట్టారు. ఒకరి భుజాలమీద ఒకరు చరుచుకున్నారు. గంటన్నరసేపు సినిమా ఇవ్వలేని వణుకు, ఇప్పుడు వాళ్ళకి వాళ్ళే ఇచ్చుకుంటున్నారు.

"కాదు" అంది నోరీన్. ఎవరికీ వినబడలేదు. "కాదు నాయనా. ఆవిడ ఏడుస్తోంది. అందుకని తిరగలేదు. అంతే."

టాడ్ ఆమె వైపు వంగాడు. వెక్కిరింపు కాదు, సరదాగానే అడిగాడు. "మీకెలా తెలుసండీ? ముఖం కనబడలేదుగా."

ఆమె దగ్గర జవాబు ఉంది. కళ్ళద్దాలు తీసి, స్కార్ఫు విప్పితే చాలు. అప్పుడు అబద్ధం బయటపడుతుంది, సినిమా మనిషి దొంగతనంగా కూర్చుందని ఈ మాటలన్నీ కొట్టేస్తారు, ఆ గీత ఉండిపోతుంది. తియ్యకపోతే? ఆమె వేళ్ళు స్కార్ఫు ముడిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాయి.

డయాన్ చెయ్యెత్తి అందరినీ కూర్చోబెట్టింది. ఆవిడ చెంపలు కూడా ఎర్రబడ్డాయి. "మళ్ళీ అడుగుతున్నాను. ఆ బస్టాపు సీను ఉండాలనేవాళ్ళు?"

అడవిలా లేచాయి చేతులు. కొందరు రెండేసి ఎత్తారు. దించి ఉన్న చేతులు నోరీన్‌వి మాత్రమే.

బయటికి వచ్చేసరికి సాయంత్రపు ఎండ గాజు పైకప్పులోంచి ఏటవాలుగా పడుతోంది. పిల్లలు కదిలే మెట్లమీద దిగిపోతూ, ఒకడి మెడ ఒకడు పట్టుకుని, "కాలరు సర్దనా బంగారం?" అని ఆడుకుంటున్నారు. నోరీన్ గోడవారగా నడుస్తోంది. వెనకనుంచి బూట్ల చప్పుడు వచ్చింది.

"నోరీన్ గారూ!"

క్రెయిగ్. ముప్ఫై దాటాయో లేదో, అప్పుడే జుట్టు పల్చబడింది. గోళ్ళు కొరికీ కొరికీ వేళ్ళు చివికిపోయాయి. చెడ్డవాడు కాదు. షూటింగులో ఆమెకి కుర్చీ తనే తెచ్చి వేసేవాడు.

"గొంతు వినగానే పట్టేశాను. అట్ట అమ్మాయినడిగితే లైబ్రరీ ఆవిడ అంది. లైబ్రరీ ఏంటండీ లైబ్రరీ!" ఆయాసపడుతూ నవ్వాడు. "భయపడకండి, ఎవరికీ చెప్పను. మీరు మమ్మల్ని బతికించారు."

"నేను ఆ మాట అనలేదు, క్రెయిగ్."

"అనక్కర్లేదండీ. వాళ్ళకి అలా వినబడింది. నిర్మాతలు లోపల ఎగిరి గంతేస్తున్నారు. మూడు రోజులు మళ్ళీ తీద్దాం అంటున్నారు. నేలమాళిగ. గోనెసంచి తీస్తే మీరు. మీరూ రోండా, అంతే, ఇంకెవరూ ఉండరు."

"రోండా" అంది నోరీన్.

క్రెయిగ్ నవ్వు తగ్గింది. "అదే చిక్కు. మొన్న మార్చి తర్వాత సినిమాలు వద్దనేసింది. ఒరెగాన్‌లో ఏదో మొక్కల తోటలో పనిచేస్తోందట. కిందటి నెల డబ్బింగు కోసమని నంబరు సంపాదించాం. మేం చేస్తే తియ్యడం లేదు, తీసినా మా గొంతు వినగానే పెట్టేస్తోంది. మీరడిగితే వస్తుంది."

"నేనడిగితే ఎందుకొస్తుంది?"

"మీరు అమ్మ కదండీ" అన్నాడు, అదేదో రుజువు అక్కర్లేని సంగతైనట్టు.

"రాకపోతే?"

అతను గోరు నోట్లో పెట్టుకుని, తీసేశాడు. "రాకపోతే ఈ ముగింపు లేదు. ముగింపు లేకపోతే బస్టాపుకి పనిలేదు. ఇందాక మొదటిసారి అడిగినప్పుడు ఎన్ని చేతులు లేచాయో మీరే చూశారు. సోమవారం పొద్దుటికి నేను వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి."

పాప్‌కార్న్ డబ్బా మూత చింపి, దానిమీద నంబరు రాసి ఇచ్చాడు. వెన్న మరకల మధ్య అంకెలు. ఇన్నాళ్ళూ ఆమె వెతికిన నంబరు.

నోరీన్ దాన్ని చూస్తూ నిలబడింది. మూడు రోజులు. పక్కపక్కన రెండు కుర్చీలు వేస్తారు, లైట్లు సర్దేటప్పుడు గంటలకొద్దీ అక్కడే కూర్చోవాలి. రోండా కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగుతుంది. పొద్దున్నే తను ఏ రొట్టె తెచ్చినా నిలబడే తింటుంది. కత్తి అయితేనేం, రబ్బరుదే కదా. నేలమాళిగ అయితేనేం. కానీ ఆ తర్వాత బస్సు మెట్టుమీద ఆ పిల్ల అన్న మాట లోకానికంతటికీ ఎర అయిపోతుంది. ఆ కాలరు సర్దిన చేతులు హంతకురాలి చేతులైపోతాయి. ఆ మాట ఉంచుకోవాలంటే దాన్ని చంపి ఉంచుకోవాలి. వద్దంటే చెత్తబుట్టలోకి పోతుంది. వీటిలో ఏది ప్రేమ? అడగడానికి ఎవరూ లేరు.

నారింజరసం కొట్టు పక్కన గోడకి ఫోన్లు ఉన్నాయి. "ఇక్కణ్ణుంచే చేస్తాను" అంది, ఇంటికి వెళ్తే ధైర్యం చాలదని తెలిసి. క్రెయిగ్ జేబులో ఉన్న చిల్లరంతా ఆమె దోసిట్లో పోసి, "నేను దూరంగా ఉంటాను" అని మాల్ గాజు తలుపు అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. దూరంగా అంటే మరీ దూరంగా ఏం కాదు.

నాణేలు గలగలమంటూ లోపలికి పడ్డాయి. మోగింది. ఆ గొంతు, వాడకంలో లేదనే ఆడగొంతు, వస్తుందేమోనని నోరీన్ కాచుకుని ఉంది. రాలేదు.

"హలో?" చిన్నపిల్ల. ఐదారేళ్ళుంటాయి.

నోరీన్ తడబడింది. "రోండా ఉందా అమ్మా?"

"రోండా బయట మొక్కలకి నీళ్ళు పోస్తోంది. మా నాన్న ఊళ్ళోకెళ్ళాడు. మీరెవరు?"

"నోరీన్."

"అంటే ఎవరు?"

అంటే ఎవరు? ఇందాక గుమ్మం దగ్గర లైబ్రరీ మనిషి. లోపల అరవై దాటిన ఆడవాళ్ళలో దొరికిన ఒక్కతె. ఆ తర్వాత హంతకురాలు. "నేను... సినిమాలో రోండాకి..."

"ఓ! సినిమా అమ్మా?" ఆ పిల్ల గొంతులో ఆశ్చర్యమేమీ లేదు, ఎన్నోసార్లు విన్న పేరు పలికినట్టుంది. రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు. పరుగెత్తే పాదాలు. దోమతెర తలుపు కిర్రుమని తెరుచుకుంది. దూరంగా, "రోండా! సినిమా అమ్మ! ఫోన్లో!" కుక్క ఒకటి మొరిగింది. గొట్టంలో నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు, అది ఆగింది.

చెక్కనేల మీద అడుగులు. తడి అడుగులు. దగ్గరికొచ్చి ఆగాయి. రిసీవరు లేచింది.

ఊపిరి మాత్రమే వినిపిస్తోంది. పరుగెత్తి వచ్చినట్టుంది, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. నోరీన్ హలో అనలేదు. ఎవరూ అని అడగలేదు. ఊపిరి వింటూ నిలబడే మనిషి ఎక్కడైనా ఉంటాడా అని అడిగిన ఆ గులాబీ క్లిప్పుల పిల్ల ఇప్పుడు ఇటుగా వస్తే బావుణ్ణు, చూపించేది. రెండు చేతులతో రిసీవరు చెవికి అదుముకుని నిలబడి ఉంది.

గాజు తలుపు అవతల క్రెయిగ్ కనుబొమలు ఎగరేశాడు. ఒప్పుకుందా?

ఆ ఊపిరి ఒకసారి ఆగి, మాటయింది. బస్సు మెట్టుమీద విన్న గొంతే, కాస్త బరువెక్కింది.

"నోరీన్ గారూ. పనుండి చేశారా? ఊరికే చేశారా?"

ఫోను పెట్టె లోపల ఆఖరి నాణెం కిందికి జారింది, ఇక ఉన్నది నిమిషమే. నోరీన్ గాజు తలుపుకి వీపు తిప్పి, ముఖం గోడవైపు పెట్టుకుని, నోరు తెరిచింది.